దస్తావేజు అడుగున మా ముత్తాత

మా ముత్తాత పాలకొల్లులో దస్తావేజు లేఖరి. చాలా ఏళ్ళపాటు ఆయన గురించి మా ఇంట్లో తెలిసింది ఇంతే. ఫొటో లేదు, ఉత్తరాలు లేవు. ఆయన పోయేనాటికి నాన్నకు ఏడేళ్ళు. తెల్ల పంచె, చెవి మీద కలం, సిరాబుడ్డి ముట్టుకుంటే పడే కేకలు, ఇవే నాన్నకు గుర్తు. తాతయ్య ఉన్న రోజుల్లో అడగాలని మాకెవరికీ తోచలేదు. నాన్నకు ఎనభై దాటాక, ఒకసారి మాటల్లో "మా తాతయ్య ఊరందరి ఇళ్ళూ పొలాలూ రాశాడు, ఆయన గురించి ఒక్క ముక్క రాసినవాడు లేడు" అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది.

పొలం ఉన్నవాళ్ళ పూర్వీకుల్ని వెతకడం కాస్త తేలిక. మా అమ్మ వైపు వాళ్ళకు నాలుగెకరాల మాగాణి ఉండేది. సర్వే నంబరు తెలిస్తే చాలు, సెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు, భూమి తరం (నేల ఏ రకం అన్నది), నీరు ఏ కాలవది, ఎకరానికి శిస్తు ఎంత, అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి డైగ్లాట్ అంటారు దాన్ని. ఆ తర్వాత ఏటేటా కరణం రాసిన అడంగళ్ళు (పంటల లెక్కలు), పది ఒకటి లెక్కలు (రైతువారీ భూమి లెక్కలు). సంవత్సరాలు ఫసలీల్లో ఉంటాయి, 590 కలుపుకుంటే మన లెక్కకు వస్తుంది. ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. అమ్మ వాళ్ళ ముత్తాత ఏ ఏడు ఏ పంట వేశాడో కూడా చెప్పగలను.

నాన్న వైపు ముత్తాతకు సెంటు పొలం లేదు. అందుకని ఈ రిజిస్టర్లలో దేనిలోనూ ఆయన లేరు.

నాన్న పెట్టెలో ఒక జాతకం మాత్రం ఉంది. పసుపు మరకలతో, మడతల దగ్గర చిరిగిన కాగితం. "ఖర నామ సంవత్సర శ్రావణ బహుళ" దాకా చదవగలిగాను. ఖర అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1831 ఆయనకు మరీ ముందు, 1951లో ఆయన పోయారు, కాబట్టి పుట్టింది 1891. అప్పుడు పాలకొల్లు గోదావరి జిల్లాలో ఉంది. 1904లో నర్సాపురం తాలూకాను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడితే అందులోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా రెండుసార్లు మారింది. పాత కాగితాలు వెతికేవాళ్ళు ఇది ముందుగా తెలుసుకోవాలి, లేకపోతే గోదావరి జిల్లా కట్టల్లో తలకిందులుగా తపస్సు చేసినా 1910 నాటి పాలకొల్లు కనిపించదు.

ఇక మిగిలింది రిజిస్ట్రేషన్ ఆఫీసు. అక్కడ ఒక చిక్కుంది. రిజిస్టరైన ప్రతి స్థిరాస్తి దస్తావేజునూ ఒకటో పుస్తకంలో ఎక్కిస్తారు. దానికి రెండు సూచికలు. ఒకటి మనుషుల పేర్లది, ఇంకొకటి ఆస్తులది. పేర్ల సూచికలో రాసిచ్చినవాళ్ళూ రాయించుకున్నవాళ్ళూ ఉంటారు. దస్తావేజు రాసిన లేఖరి అందులో ఉండడు. ఆయన పేరు పత్రం చివర, సాక్షుల సంతకాలకు కింద ఒక్క వరసలో ఉంటుంది. అంటే మా ముత్తాత వందల పేజీల్లో ఉన్నారు, కానీ ఆయన పేరు పట్టుకుని ఆయన్ని చేరే దారి లేదు. ఈసీలు, అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితాలు, కంప్యూటరులో దొరికేది 1983 నుంచే. అంతకు ముందువి కావాలంటే ఫీజు కట్టి, ఏ సంవత్సరం, ఎవరి పేరు అన్నది చెప్పి చూసుకోవాలి.

దారి చూపించింది ఒక పెద్దాయన. ఆయనా లేఖరే, పని మానేసి చాలాకాలమైంది. గుమ్మంలో పడక కుర్చీలో కూర్చుని నేను చెప్పిందంతా విన్నారు.

"చూడమ్మా, మీ ముత్తాతగారిని వెతకొద్దు. ఆయన ఇంటికి నాలుగు వైపులా ఎవరున్నారో కనుక్కోండి. వాళ్ళు అమ్మినవీ కొన్నవీ తీయించండి. హద్దుల్లో ఆయనే వస్తారు."

"హద్దుల్లోనా అండీ?"

"ఆయ్. మరి పక్కింటాయన ఇల్లు అమ్మితే చెక్కుబందీలో మీవాళ్ళ పేరు రాయకుండా ఎలా కుదురుద్దండీ?"

ఇంత తేలికైన సంగతి నాకెందుకు తట్టలేదో అని కాదు, ఆ వృత్తిలో పండినవాళ్ళకు కాగితం ఎలా కనిపిస్తుందో అని ఆశ్చర్యపోయాను. మనం పేరు వెతుకుతాం. వాళ్ళు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం చూస్తారు.

పాత ఇల్లు క్షీరారామలింగేశ్వరస్వామి గుడికి దగ్గర్లోనే ఉండేది. ఆ వీధిలో ఎవరెవరుండేవారో నాన్న ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకుంటూ చెప్పారు, నేను రాసుకున్నాను. దక్షిణం వైపు ఒక కంసాలి కుటుంబం. పడమర ఒక కొబ్బరికాయల వర్తకుడు. ఆ రెండిళ్ళ వాళ్ళ పేర్లతో వెతికిస్తే దొరికాయి.

1922లో దక్షిణపు ఇంటిని తాకట్టు పెట్టారు. ఆ తనఖా దస్తావేజు షెడ్యూలులో "ఉత్తరం" అన్నచోట మా ముత్తాత ఇంటిపేరు, పేరు, ఆ పక్కన "గారి తాటాకు యిల్లు" అని ఉంది. పన్నెండేళ్ళ తర్వాత అదే ఇల్లు అమ్మారు. 1934 క్రయ దస్తావేజు. అందులో అదే హద్దు, అదే పేరు, పక్కన "గారి పెంకుటిల్లు".

ఆ రెండు నకళ్ళూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూశానో. ఎవరో ఇల్లు తాకట్టు పెట్టుకుంటే, ఇంకెవరో అమ్ముకుంటే, ఆ కాగితాల్లో మా ఇల్లు తాటాకు నుంచి పెంకు అయింది. పైగా ఆ పన్నెండేళ్ళు ఏమంత మంచికాలం కాదు. 1930 నుంచి ధాన్యం ధర పడిపోయింది. డెల్టాలో శిస్తు రూపాయికి మూడణాలు పెంచుతామంటే రైతులు గోల పెట్టిన రోజులవి. ఆ పుస్తకాల్లో ఆ ఏళ్ళ పేజీలు తిప్పితే తనఖాలే తనఖాలు. ఊళ్ళో వాళ్ళ అప్పులు రాసి మా ముత్తాత ఇంటికి పెంకు కప్పించుకున్నారన్నమాట. ఈ సంగతి నాకు కొంచెం బాధగానే అనిపించింది. కానీ ఆయన చేసిన పని అదే. రాయించుకునేవాళ్ళుంటే రాశారు. ఇంట్లో ఐదుగురు తినాలి.

ఇందాక నకళ్ళు అన్నాను కదా, ఆ మాట గురించి చెప్పాలి. ఆఫీసు పుస్తకంలో ఉండేది అసలు దస్తావేజు కాదు. అసలును చూసి అక్కడి గుమాస్తా అక్షరం పొల్లుపోకుండా దించిన కాపీ. చివర "వ్రాసినది" అని మా ముత్తాత పేరున్నా, ఆ చేతిరాత మాత్రం ఇంకెవరిదో. ఆయన చేతిరాత కావాలంటే ఆఫీసులో దొరకదు, జనం ఇళ్ళలో, ట్రంకు పెట్టెల అడుగున దొరకాలి.

అది కనకాయలంకలో దొరికింది. యలమంచిలి మండలం, గోదావరి పాయ మధ్య లంక, వరద వస్తే దారి మునిగిపోయే ఊరు. మా దూరపు చుట్టాలకు తెలిసినవాళ్ళు అక్కడున్నారు. వాళ్ళ పూర్వీకుల భూముల దస్తావేజులన్నీ పాలకొల్లులోనే రాయించుకునేవారట. ఇంటి పెద్దావిడ ఇనప్పెట్టె తాళం తీసి, గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి మంచం మీద పరిచారు.

"86 వరదలో పెట్టెలోకి నీళ్ళొచ్చేశాయమ్మా. అందరూ బియ్యం అటకెక్కిస్తా ఉంటే మా మావగారు ఈ కాగితాలెక్కించారు. కింది వైపు తడిసిపోయాయి. ఎండలో పరిచి, పైన రాళ్ళెట్టి ఆరబెట్టాం."

నీటి గీత ఇప్పటికీ ఉంది. ప్రతి కాగితం మీదా కింది నుంచి మూడో వంతులో గోధుమరంగు గీత. ఆ గీతకు కింద సిరా అలుక్కుపోయి నీలంగా పాకింది, పైన మాత్రం నిన్న రాసినట్టుంది. స్టాంపు మీద ఐదో జార్జి బొమ్మ. వెనక వైపు స్టాంపు అమ్మినవాడు వేసిన తేదీ, వరస నంబరు, కొన్నవాడి పేరు. ముందు వైపు, మార్జిను కోసం కాగితం మడిచిన మడత. ఆ మడత నుంచి మొదలై ఒక్క అక్షరం కూడా పక్కకు జరగలేదు.

రాత గుండ్రంగా ఉంది, కానీ ముద్దుగా లేదు. తొందర తెలిసిన రాత. తలకట్లు కుడివైపుకు కాస్త సాగి ఉన్నాయి. వలపలగిలక (ర్‌ బదులు అక్షరం పక్కన పెట్టే పాత గుర్తు) వాడారు, కాబట్టి "కార్యము", "సర్వ" లాంటి మాటల దగ్గర ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది. రూపాయలు ముందు తెలుగు అంకెల్లో వేసి, ఆ వెంటనే అక్షరాల్లో రాశారు. ఎక్కడా కొట్టివేత లేదు. ఒకచోట మాత్రం వరసల మధ్య "నూతి" అన్న మాట ఇరికించారు, దానికోసం చివర ప్రత్యేకంగా "పై నుండి పదునాలుగవ వరసలో నూతి అను మాట చేర్చడమైనది" అని రాసి, అమ్మినవాడి చేత అక్కడ మళ్ళీ వేలిముద్ర వేయించారు. ఒక్క మాట కోసం. రేపు ఆ మాట మీద ఎవరూ కోర్టుకెక్కకూడదని.

ఆ వేలిముద్ర పక్కన "ఈ నిశాని ఫలానా వారిది" అని ఆయన రాతే. చదువురాని మనిషి బొటనవేలికి సిరా రాసి, పట్టుకుని కాగితం మీద దొర్లించింది బహుశా ఆయనే అయి ఉంటారు. వేలిముద్ర చివర చిన్న సిరా మరక ఉంది. అది ఆ రైతుదో, మా ముత్తాత వేలిదో. నేను దాన్ని ముట్టుకోలేదు. ఫోనుతో ఫొటో తీసుకుని నాన్నకు పంపాను. నాన్న ఫోను చేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "న మీద తలకట్టు మా నాన్న కూడా అలాగే సాగదీసేవాడమ్మా" అన్నారు. ఇంటికొచ్చాక నాన్న సంతకం చూశాను. ఆయనదీ అంతే.

ఆ కట్టలోనూ, ఆ తర్వాత ఇంకొందరి ఇళ్ళలోనూ దొరికినవి, ఆఫీసు నకళ్ళూ కలిపి తేదీల వరసలో పెట్టాను. మొదటిది 1912, ఆయనకు ఇరవై ఒకటో ఏడు. ఒకదానిలో తల్లి తన తరఫునా, "రంగములో యున్న" కొడుకు తరఫునా సంతకం పెట్టింది. కాకినాడ రేవు నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళు మా వైపు చాలామందే ఉండేవారు. పేజీలు తిప్పేకొద్దీ ఊరు ఊరంతా కనిపిస్తుంది. భాగపంపకాలు, భోగబంధకాలు (అప్పు తీరేదాకా భూమిని అప్పిచ్చినవాడే అనుభవించే తాకట్లు), దేవుడి పేర రాసిన అర ఎకరాలు.

అయితే 1918 దసరాల దగ్గర ఆ వరస ఆగిపోయింది. నెలకు ఒకటైనా కనిపించే మనిషి, మళ్ళీ 1919 వేసవి దాకా లేరు. నా చేతికి అందనివి ఉండొచ్చులే అనుకున్నాను. కానీ ఆ ఏడాది తేదీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అది ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన ఏడు.

జనన మరణాల పాత రిజిస్టర్లు చూడటానికి అనుమతి దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇవి 1899 చట్టం కింద రాసినవి. మామూలు నెలల్లో మరణాలు పేజీకి కాస్త అటూ ఇటుగా సరిపోతాయి. 1918 అక్టోబరు వచ్చేసరికి పేజీ తర్వాత పేజీ. రాసేవాడికి ఓపిక లేక, జబ్బు పేరు ఉండాల్సిన గడిలో మొదట "జ్వరం" అని రాసి, కింద వరసలన్నిటికీ "డిటో" గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. ఆ డిటోల మధ్య మా ముత్తాత పేరు కనిపించింది. ఆయన భార్య, వయసు ఇరవై. నాలుగు రోజుల తర్వాత ఆయన కూతురు, వయసు రెండు.

మాకు తెలిసిన తాతమ్మ పేరు అది కాదు. మా తాతయ్య 1921లో పుట్టారు, ఆయన తల్లి మా ముత్తాతకు రెండో భార్య. మొదటావిడ ఒకరుండేవారని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాన్నకు కూడా తెలీదు. తద్దినాల్లో ఆవిడ పేరు ఎవరైనా తలుచుకున్నారో లేదో. ఆ రెండేళ్ళ పాప పేరు ఆ గడిలో కూడా లేదు, "కుమార్తె" అని మాత్రం ఉంది.

ఆ గది నుంచి బయటికొచ్చి కాలవ గట్టున కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. నూరేళ్ళు దాటిన ఏడుపు నాకెందుకు అని ఎవరైనా అనొచ్చు. నాకు మాత్రం అది పాతదిగా లేదు.

ఆయన స్వయంగా రాసిచ్చిన దస్తావేజు అన్నిటికంటే చివర దొరికింది. పేర్ల సూచికలో ఆయన పేరు ఒక్కచోట ఉంది, 1935లో. దఖలు దస్తావేజు, అంటే ఇచ్చివేత. పుచ్చుకున్నది ఆయన అక్కగారు. నాన్న చిన్నప్పుడు ఇంటి వెనక వాటాలో ఉన్న ముసలావిడ. తెల్లచీర, గుండు, మడి. పిల్లలందరూ అత్తమ్మ అనేవారట. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేశారని మాత్రం నాన్నకు తెలుసు.

"నా స్వార్జితమై నా స్వాధీనానుభవములో యున్న" పెంకుటింటిలో వెనక సగం ఆవిడకు రాసిచ్చారు. కారణం ఇలా ఉంది: "కాళయుక్తి సంవత్సర కార్తీక మాసము లగాయతు మీరు నా యింటనే యుండి నన్నును నా సంసారమును కాపాడినందున." కాళయుక్తి అంటే 1918–19. కార్తీకం అంటే ఆ నవంబరు. భార్యా బిడ్డా పోయిన నెలకు అక్క వచ్చింది. మాకెవరికీ చెప్పని సంగతి ఆయన సర్కారు పుస్తకంలో రాసుకున్నారు.

ఆ నకలు పెద్దాయనకు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. నేను దాటేసిన సంగతిని ఆయన వేలుపెట్టి చూపించారు.

"ఇదిగో, 'దాన విక్రయాది సర్వ హక్కులతో' అన్నారు చూశారా. ఆ రోజుల్లో వితంతువుకిస్తే యావజ్జీవం అనుభవించమని రాసేవారండి. ఆవిడ తర్వాత తిరిగి మగపిల్లలకే రావాలని. మీవారు అది రాయలేదు. కావాలనే రాయలేదు. లేఖరి కదండీ, ఆయనకు తెలీకనా?"

1937లో వచ్చిన చట్టం కూడా భర్త ఆస్తిలో వితంతువుకు ఇచ్చింది పరిమిత హక్కే. పూర్తి హక్కు 1956 చట్టంతో గానీ రాలేదు. మా ముత్తాత అంతకు ముందే, ఉన్న ఒక్క ఇంట్లో సగం, ఏ షరతూ లేకుండా అక్క పేర రాశారు. జీవితమంతా ఇతరుల కోసం ఏ మాట ఎక్కడ పెడితే ఏమవుతుందో చూసుకుంటూ రాసిన మనిషి, తన ఇంటి విషయంలో ఏ మాట పెట్టకూడదో కూడా చూసుకున్నారు. నేను వెతికిన దానంతటికీ ఇదొక్కటి చాలు నాకు. చివర "వ్రాసినది" దగ్గర వేరే లేఖరి పేరు లేదు. "స్వదస్తూరి" అని ఉంది.

దాన్ని నాన్నకు మొత్తం చదివి వినిపించాను. షెడ్యూలు దగ్గర "నూతిలో నీరు ఉభయులును వాడుకొనవలెను" అన్న వాక్యం వచ్చినప్పుడు నాన్న నన్ను ఆపారు.

"అందుకన్నమాట రెండు గిలకలు!"

ఆ నుయ్యి సరిగ్గా గోడ మధ్యలో ఉండేదట, ఇటో గిలక, అటో గిలక. అత్తమ్మ మడినీళ్ళు తోడుకునేటప్పుడు ఇటువైపు చేద వేస్తే కేకలేసేవారట. చిన్నప్పుడు ఒకే నూతికి రెండు గిలకలెందుకని నాన్న అడిగితే ఎవరూ చెప్పలేదట. ఆ రోజు మధ్యాహ్నమంతా నాన్న అత్తమ్మ గురించే మాట్లాడారు. ఆవిడ పెట్టే ఉప్పుడు పిండి, పురాణం చదివించుకోవడం, తన వాటాకు తానే పన్ను కట్టి రసీదులు దారానికి గుచ్చి పెట్టుకోవడం. ఇన్నాళ్ళూ చెప్పనివన్నీ.

ఆ వెనక వాటా తర్వాత మా తాతయ్యకు వచ్చింది. ఆవిడ వీలునామా రాసే ఉండాలని నాన్న అంటున్నారు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసినవారు పోయాక ఎవరు అడిగినా నకలు ఇస్తారు. దరఖాస్తు నాన్న తన చేత్తోనే రాశారు. సంక్రాంతి వెళ్ళాక ఇద్దరం పాలకొల్లు వెళ్తున్నాం.